ముడి ఊడలేదు

మేడ్చల్

నీకు నా దండాలు. నువ్వు పోయి మూడు నెలలయింది. ఎండాకాలం దాటి వానలు పడుతున్నాయి.

నా రాతకు ఏమీ అనుకోకు. నాలుగో తరగతితో ఆగిన చదువు, నీకు తెలిసిందే. ఒత్తులు ఎక్కడ పడతాయో నాకు ఇప్పటికీ తెలియదు. శామీర్‌పేటలో మా అమ్మగారింటి నుంచి రాసిన ఉత్తరం చూసి "గిది ఉత్తరమా, చీమల బారా?" అని నవ్వావు. ఇదీ అలాగే ఉంటుంది. కానీ ఈసారి నవ్వకు. నేను ఏడుస్తూ రాయడం లేదు. నీ మీద మండిపోతూ రాస్తున్నా.

ముందు ఇక్కడి సంగతి చెబుతాను...

నిన్ను సమాధి చేసిన తర్వాతి ఆదివారమే మీ డేరాల గుత్తేదారు మన గుడికి వచ్చాడు. ప్రార్థన అయ్యాక వాకిట్లో నిలబడి అందరూ వినేలా చెప్పాడు. పట్నంలో ఆ పెళ్ళి డేరా నీ మీద కూలడానికి నువ్వే కారణమట. మోకులు వదులుగా కట్టావట. గాలిదుమారం రాగానే నీ ముళ్ళు ఊడిపోయాయట. "ముడి ఎయ్యరానోడు నా కొంప ముంచిండు, తను మునిగిండు" అన్నాడు.

నేను కొంగు నోట్లో కుక్కుకుని అత్త వెనక నిలబడ్డాను. మనిషి పోయి వారం కాలేదు... అలా అనడానికి అతనికి నోరెలా వచ్చింది? వింటూ నేనెలా నిలబడ్డాను?

ఇక మొదలయింది. బావిలో చేద వేస్తే చాలు, "తాడు గట్టిగ కట్టినవా పిల్లా? మీ ఇంట్ల ముళ్ళు ఊడుతయంట గద" అని ఒకామె. పక్కవాళ్ళ నవ్వులు. అత్త గుడికి రావడం మానేసింది. నా కొడుకు పనిమంతుడని ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి, గోడ వైపు తిరిగి పడుకుంటోంది.

పోయిన నెల ఆ డేరానే కుట్టడానికి మనింటికి పంపాడు. అవును, అదే. జంగు మూలంగా బట్టంతా సిపాయిలకే పోతోంది, కొత్తది దొరకదు కదా. చిరిగిన పట్టీలు నేనూ అత్తా కాక ఎవరు కుడతారు? బండి నుంచి దించిన మూటలో మోకులు కూడా ఉన్నాయి. సడక్ వైపు నువ్వు కట్టినవి నాలుగు. ఒక్కొక్క మోకు చివర, నేలలో దిగేసే గూటం ఇంకా అలాగే బిగిసి ఉంది. నీ ముడిలో నా గోరు కూడా దూరలేదు. గూటం విరగలేదు, వంగలేదు. తల దాకా నల్ల బురద అంటి ఎండిపోయింది.

అంటే వదిలేసింది నేల. ముడి కాదు.

నువ్వెప్పుడూ చెప్పేవాడివి, "గూటం కొట్టే ముందు గుంత జేసి చెంబెడు నీళ్ళు పొయ్యాలె. జల్దీ తాగే నేలను నమ్మొద్దు, అది పోసిన మట్టి" అని. మన పెరట్లో బర్రెను కట్టే గుంజకు కూడా నీళ్ళు పోసి చూసిన మనిషివి. మరి అక్కడ పోయలేదా?

నీతో పనిచేసిన మహబూబ్ చిచ్చాను అడిగాను. తల వంచుకుని చెప్పాడు. "నీళ్ళు తెచ్చింది నేనే బిడ్డా. పోసిండు. బుస్సున ఇంకినయ్. అది మురికినీళ్ళు పారే మోరీ, పూడ్చిండ్రు. గూటాలు నాలుగు గజాలు అవతల కొట్టాలె అని గుత్తేదారుకు చెప్పిండు. అవతల సడక్ ఉన్నది, మోటార్లు పోవద్దా, గీడనే కొట్టు అన్నడాయన. కొట్టిండు."

కొట్టిండు... ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాను.

నీకు తెలుసు. తెలిసి కొట్టావు. ఎందుకు? సమ్మెట కింద పడేసి, నాతో కాదని రైలెక్కి వచ్చేస్తే ఏమయ్యేది? గంజి తాగేవాళ్ళం. నేనేమైనా పట్టుచీర అడిగానా? ఆ డేరా కింద వంటవాళ్ళు, ఆడవాళ్ళు, పసిపిల్లలు కూర్చుంటారని తెలియదా?

గాలి లేచినప్పుడు అందరినీ బయటికి తరిమి, నువ్వు నడిమి గుంజ పట్టుకుని నిలబడ్డావట. "రా అంటే రాలే బిడ్డా" అన్నాడు చిచ్చా. తెలిసి కొట్టినందుకేనా అలా నిలబడ్డావు? ఆ కాసేపట్లో నేను ఒక్కసారైనా గుర్తొచ్చానా?

పోయిన ఆదివారం గుత్తేదారు ఇంకో పెళ్ళికి మనుషుల కోసం మళ్ళీ వచ్చాడు. చిచ్చాకు కబురు పెట్టి గుడి వాకిటికి రమ్మన్నాను. ప్రార్థన అయ్యాక, అందరూ చూస్తుండగా మోకూ గూటమూ గుత్తేదారు కాళ్ళ ముందు పడేశాను. పెళ్ళయినప్పటి నుంచి నా నోట పలకని నీ పేరు పలికాను. "గిది సామ్యేలు ఏసిన ముడి. ఊడదియ్" అన్నాను. ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు.

అతను వంగి లాగాడు. రాలేదు. "ఆడదానికి డేరాల సంగతేం ఎరుక?" అన్నాడు.

"గా డేరా కుట్టిందే నేను" అన్నాను.

"పండ్లతోని గుంజు గుత్తేదారూ!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు. ఈసారి నన్ను చూసి కాదు. చిచ్చా ముందుకొచ్చి, "ముడిది తప్పు లేదు. మోరీ మీద జాగ చూపెట్టింది నువ్వే" అన్నాడు.

అప్పుడు గుడి అయ్యగారు నన్ను అడిగారు. "మరి సామ్యేలు నేలను చూసుకోలేదా అమ్మా?"

చిచ్చా నా వైపు చూశాడు.

"చూడనియ్యలేదు అయ్యగారూ" అన్నాను.

గుడి వాకిట్లో నిలబడి అబద్ధమాడాను. చిచ్చా తల దించుకున్నాడు. గుత్తేదారు నోరు తెరిచి మూసుకున్నాడు. నువ్వు చూసి చెప్పావంటే, తను విని కూడా కొట్టించానని ఒప్పుకోవాలి కదా. వచ్చిన పని మరిచి వెనుదిరిగి పోయాడు.

ఇప్పుడు బావి దగ్గర ఎవరూ ఏమీ అనరు. అత్త తల దువ్వుకుని గుడికి వస్తోంది. "నా కొడుకును చూడనియ్యలే. చూస్తే కొట్టేటోడే కాదు" అని కనబడ్డవాళ్ళందరికీ చెబుతోంది. నేను పక్కన నిలబడి తల ఊపుతున్నాను. ఆమె బతికినన్నాళ్ళూ ఊపుతాను. నీ కోసం కాదు, ఆమె కోసం. నీ మీద కోపం మాత్రం పోలేదు... పోతుందని కూడా చెప్పను.

నిజం ఈ కాగితంలోనే ఉంది. రేపు నీ సమాధి మట్టిలో పెట్టి వస్తాను. ఇంట్లో దాచలేను. అత్తకు చదువు రాదు గానీ, ఏ కాగితం దొరికినా అయ్యగారి దగ్గరికి తీసుకుపోయి చదివించుకుంటుంది.

చదివాక కాల్చెయ్యి. ఈ ఒక్కసారైనా, చెయ్యకూడనిది చెయ్యమనేవాళ్ళ మాట కాదు, నా మాట విను.

నీ భార్య
మార్తమ్మ