జానెడు సందు

మార్చి 3
రిమోట్ నా చేతికిచ్చారు! రేపటి నుంచి ట్రైలర్ వెనక చక్రాలు తిప్పేది నేనే. ముందు లారీ నడిపేది నాన్న. మా ఇద్దరి మధ్య అరవై మీటర్ల గాలిమర రెక్క. ఇన్నాళ్లూ రిమోట్ పట్టినతను మానేశాడు. మీ నాన్నతో అరిచి అరిచి గొంతు పోయింది తల్లీ అని చెప్పి మరీ వెళ్లాడు. ఆనందంతో నాకు అన్నం సయించలేదు.

మార్చి 4
హైవే పక్క గాలిమరకి రెక్క చేర్చాం. మలుపు వస్తే చాలు, ట్రైలర్ వెనకొచ్చే మా జీపు దిగి రిమోట్‌తో నడుస్తున్నాను. వాకీటాకీలో నాన్న నన్ను పేరు పెట్టి పిలవడు. ఏయ్ వెనకా, విన్నావా, అంటాడు!

మార్చి 6
అమ్మో. చివరి గాలిమర ఊరవతల మొక్కజొన్న చేలల్లో. ఊళ్లోంచి తప్ప దారి లేదు. అక్కడ కుడివైపు మలుపు, మలుపులో ఒక అవ్వ పశువుల కొట్టం. గోడ తీసి మళ్లీ కట్టిస్తామని ఇంజనీరు బతిమాలితే, నా గేదె నిండు చూలుతో ఉంది, అందాకా మీ ఇంట్లో కట్టేసుకుంటావా అని అడిగిందట. ఇంజనీరు టేపు పట్టి చూశాడు. మలుపు తిరిగేటప్పుడు రెక్కకీ గోడకీ మిగిలేది జానెడు సందు.
మూడేళ్ల క్రితం నాన్న వెనక మనిషి మాట వినకుండా అద్దం చూసి లారీ తిప్పాడు. రెక్క పగిలింది. ఈసారి గీత పడినా నాన్నకిక స్టీరింగ్ ఇవ్వరు.

మార్చి 7
ఆ మలుపులో పదకొండుసార్లు నడిచాను. నాన్నా, అద్దంలో రెక్క గోడకి తగిలినట్టే కనిపిస్తుంది, తగలదు, నువ్వు ఆగొద్దు అన్నాను. నా సర్వీసంత లేదు నీ వయసు అన్నాడు. కోపం నషాళానికంటింది.

మార్చి 8, ఉదయం 6
గాలి లేదు. బయల్దేరుతున్నాం.

మార్చి 8, మధ్యాహ్నం
ఊరంతా డాబాలెక్కింది. లారీ సగం తిరిగాక నాన్న బ్రేకేశాడు. తగులుతోందే అన్నాడు. తగల్లేదు, రా అన్నాను. అద్దంలో కనపడుతోంది కదే అన్నాడు. నాకు సందు కనపడుతోంది నాన్నా అన్నాను. నేను అరవలేదు.
అప్పుడు కిటికీలోంచి నాన్న చెయ్యి బయటికి వచ్చింది. కుడివైపు అద్దాన్ని లోపలికి మడిచేశాడు. చెప్పు, ఎటు, అన్నాడు.
చెప్పాను. చెప్పినట్టల్లా నడిపాడు. గోడ సున్నం కూడా రాలలేదు! అవ్వ ఈల వేసింది, నిజంగా.

మార్చి 9
సెలవు. మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తూ నిద్రలోనే, తిప్పనా, అని అడిగాడు. ఇంకొంచెం ముందుకి రమ్మన్నాను. సరే అని అటు తిరిగి పడుకున్నాడు.