చెంబు పడిన చప్పుడు

ఏమయ్యా, నువ్వు పోయి నేటికి ఏడాది. సర్కారువాళ్లు మన గుడిసెలు కూల్చేసి, ఊరి చివర సర్జాపుర దగ్గర మూడో అంతస్తులో ఇల్లిచ్చారు.

ఆ రోజు నువ్వు కుప్పకూలినప్పుడు నాకు కేక కూడా రాలేదు. చేతిలోని చెంబు జారింది. ఆ చప్పుడుకే రేకుల గోడ అవతలి నుంచి మంగమ్మ పరిగెత్తుకొచ్చింది. ఇప్పుడామెకు ఊరికి ఆ చివర, యలహంక వైపు ఇల్లొచ్చింది.

ఈ పొద్దున కళ్లు తిరిగి పడిపోయాను. చెంబూ పడింది. ఎవరూ రాలేదు. తేరుకున్నాక కావాలనే మళ్లీ పడేసి చూశాను.

సాయంత్రం మెట్ల మీద పక్కింటామె ఎదురైంది.

"అక్కా, పొద్దున మీ ఇంట్లో ఏందో పడినట్టుండాదే? రెండుసార్లు ఇనిపించె."

"మరి రాలేదేమమ్మా?"

"కొత్త చోటు కదక్కా, తలుపు తట్టాలంటే భయమేసింది."

ఇవాళ గడియ పెట్టకుండానే పడుకుంటున్నాను. ఎవరైనా వస్తారేమోనన్న భయం కంటే, ఎవరూ రారేమోనన్న భయమే ఎక్కువగా ఉందయ్యా.