చాటింపు విన్నవాడు

ఏప్రిల్ 8, మంగళవారం
మన ఇంటి అరుగు మీద నుంచి

ఝాన్సీ అక్కకి తమ్ముడు గోపి దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నేను, ఎర్రావు క్షేమం. అక్కడ విశాఖపట్నం చీరల షాపులో నువ్వు వేళకి తింటున్నావని అనుకుంటున్నాను.

నవ్వకు. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని తొమ్మిదిలో తెలుగు సారు చెప్పారు. ఆ తర్వాత నేను బడికే వెళ్లలేదు కదా, వేరేలా రాయడం తెలీదు. నిన్న నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు. మూడుసార్లూ నేను ఊఁ ఊఁ అన్నాను. "ఏట్రా, నోట్లో ఏటైనా పెట్టుకున్నావా?" అని తిట్టావు. అక్కా, ఫోన్లో అయితే నాకు మాట రాదు. టైప్ చేస్తే వస్తుంది. అందుకే వాట్సాప్‌లో ఉత్తరం.

ఇంటర్వ్యూ అయింది. శ్రీకాకుళంలో ఆ మందుల కంపెనీ వాళ్లు ఒక కల్యాణమండపం తీసుకున్నారు. నూటికి పైగా కుర్రాళ్లు వచ్చారు. నా పక్కన గజపతినగరం కుర్రాడు కూర్చున్నాడు, పేరు పృథ్వీరాజ్. బూట్లు వేసుకొచ్చాడు. నా చెప్పులు చూసి "తమ్ముడూ, ఇది ఆపీసు పని కాదులే, బయపడకు" అన్నాడు. మంచోడే.

లోపల ఒక సారు ఇంగ్లీషులో ఏదో అడిగారు. నేను నేల చూశాను. తెలుగులో అడిగారు. అప్పుడూ నేలే చూశాను. ఆయన విసుక్కోకుండా ఒక మాత్రల అట్ట నా ముందు పెట్టి ఎన్ని ఉన్నాయన్నారు. తొమ్మిది అన్నాను. అందరూ చూడకుండా పది అనేస్తున్నారట. ఒక గుంటలో మాత్ర లేదు, పైన రేకు మాత్రం బాగానే ఉంది. ఆయన నవ్వి, నీకు మాటలు రాకపోయినా కళ్లున్నాయి, ప్యాకింగులో మాకు కావాల్సింది అదే అన్నారు. వారం పది రోజుల్లో ఫోన్ చేస్తామన్నారు. ఫోన్ చేసిన రోజే సాయంత్రానికి బ్యాగుతో వచ్చేయాలట. మొదటి నెల కంపెనీ హాస్టల్లోనే ఉండాలి. చేరగానే ఒక నెల జీతం ముందే ఇస్తారట, నీ ఫీజుకి సరిపోతుంది.

అమ్మకి చెప్పాను. "అయితే మన పాప మల్లీ నర్సింగుకి ఎల్తాదన్నమాట" అంది. నా ఉద్యోగం గురించి ఏమీ అనలేదు, అదే అంది. ఈ నెల 25 లోపు నువ్వు ఫీజు కట్టి కాలేజీలో మళ్లీ చేరకపోతే పేరు కొట్టేస్తామన్నారని అమ్మకి బాగా గుర్తుంది. క్యాలెండర్‌లో ఆ తారీకు మీద బొట్టు పెట్టింది.

నీ తమ్ముడు
గోపి

ఏప్రిల్ 12, శనివారం

అక్కా, తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. అందరం బాగున్నాం. ఫోన్ ఇంకా రాలేదు.

మన ఇంట్లో సిగ్నల్ ఎలా ఉంటుందో నీకు తెలుసు కదా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బోరు గది గోడ పక్కనే ఉంటున్నాను. అక్కడైతే రెండు గీతలు వస్తాయి. స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ అమ్మకి ఇస్తున్నాను. అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కదలకుండా నిలబడుతుంది, నీళ్లు నిండా ఉన్న చెంబులాగ. నిన్న ఒకటి మోగింది. పరుగెత్తుకొచ్చాను, తల నిండా నురగే. పాటలు పెట్టుకోమనే ఫోను.

నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. మంగళవారం అమ్మోరి పండగకి చాటింపు. అది విన్నవాడు పండగ అయ్యేదాకా రాత్రి ఊరి పొలిమేర దాటి పడుకోకూడదు. అందుకని "సాటింపు ఇనకముందే సుభద్రమ్మ అత్త ఇంటికి ఎల్లిపోరా, శ్రీకాకుళంలో ఉండు, ఫోనొస్తే అట్నుంచటే కంపినీకి ఎల్లిపోవొచ్చు" అన్నావు. ఊళ్లో లేని మనిషికి కట్టుబాటు లేదు, నిజమే. గిరిబాబు మావ అదే చేస్తున్నాడు. చెన్నైలో పనికి సోమవారమే ఆమదాలవలసలో రైలెక్కేస్తాడట. పండగకి ఉండవేమిటి మావా అని అడిగితే "అమ్మోరికి నామీద కోపం నేదురా, మేస్త్రీకే ఉంటాది" అన్నాడు. పోయినేడు వాళ్ల అబ్బాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నాకు చాటింపు వినపడలేదని వాదించాడు, గుర్తుందా? పెద్దలు ఇయర్‌ఫోన్లు లాక్కుని వాడి ఒక్కడి కోసం మళ్లీ డప్పు కొట్టించారు.

అత్త ఇంటికి వెళ్లాలంటే నాకు కష్టంగా ఉందక్కా. కిందటిసారి రెండు రోజులున్నాను. అత్త ఇంకాస్త పెట్టనా అంటే వద్దు అనేశాను. ఆకలితోనే పడుకున్నాను. బాత్‌రూం ఎక్కడని అడగడానికి పొద్దున్నంతా ఆగాను. అయినా వెళ్తాను. సోమవారం వెళ్తాను. నీ మీద ఒట్టు.

గోపి

ఏప్రిల్ 17, గురువారం

అక్కకి గోపి. క్షేమం.

నాలుగు రోజులు మెసేజ్ పెట్టలేదని కోపంగా ఉన్నావు. నేను అత్త ఇంటికి వెళ్లలేదు. అత్తే నీకు చెప్పి ఉంటుంది.

సోమవారం బయల్దేరాను. అమ్మ రెండు చొక్కాలు, తువ్వాలు, సున్నుండల డబ్బా సర్దింది. శ్రీకాకుళంలో దిగి వాళ్ల వీధి దాకా నడిచాను. గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. అల్లుడి తరఫు వాళ్లు వచ్చినట్టున్నారు, లోపల పెద్దగా నవ్వుకుంటున్నారు. ఎదురుగా బడ్డీ కొట్టు దగ్గర నిలబడ్డాను. చెప్పులు తగ్గుతాయేమో, వెళ్దామని. తగ్గలేదు. కొట్టాయన ఎవరు కావాలి బాబూ అన్నాడు. ఎవరూ కాదని చెప్పి వచ్చేశాను. అత్త ఇంట్లో లేదని అమ్మకి చెప్పాను.

మంగళవారం పొద్దున్నే అప్పలసూరి తాత డప్పు పట్టుకుని మన వీధిలోకి వచ్చాడు. "వచ్చే మంగళారం అమ్మోరి పండగహో, ఇన్నోలు పొలిమేర దాటి తొంగోకూడదహో" అని మన గుమ్మం ముందే గట్టిగా అరిచాడు. నన్ను చూసి "ఏరా గోపీ, ఇనిపించిందా? మల్లీ ఇనపళ్లేదంటే నా సేతులు పడిపోతాయి" అని నవ్వాడు. వినిపించింది తాతా అన్నాను.

అమ్మ లోపలికి వెళ్లిపోయింది. ఆ డప్పు వింటే అమ్మ ముఖం ఎలా అయిపోతుందో నీకు తెలుసు. ఆ ఏడు నాన్న చాటింపు విన్నాక కూడా ధాన్యం లారీ మీద రాత్రికి వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆ ప్రమాదం డ్రైవర్ నిద్రపోవడం వల్ల జరిగిందని నువ్వు అందరితో కొట్లాడావు. ఊళ్లో వాళ్లు ఇంకోలా అన్నారు. అమ్మ ఎటూ అనలేదు, ఇప్పటిదాకా.

ఫోన్ రాలేదు. పృథ్వీరాజ్‌కి వచ్చిందట. మెసేజ్ పెట్టాడు. నాకు రాలేదు.

కంపెనీ నంబర్ పంపు, నేనే అడుగుతానన్నావు. ఇంటర్వ్యూలో వాళ్లు నంబర్ రాసిచ్చిన కాగితం ఎక్కడో పడిపోయింది. వెతుకుతున్నాను.

అమ్మ కోడిని మొక్కుకుంది, నీకు కాలేజీ, నాకు ఉద్యోగం అని.

గోపి

ఏప్రిల్ 27, ఆదివారం

ప్రియమైన అక్కకి, నీ తమ్ముడు గోపి దండం పెట్టి రాస్తున్నది.

పండగ బాగా జరిగింది. అమ్మ కోడిని ఇచ్చింది. పని జరగకుండానే మొక్కు తీర్చేస్తావేంటమ్మా అంటే "అమ్మోరితో బేరాలేట్రా" అంది. అప్పలసూరి తాత డప్పు కొట్టీ కొట్టీ నిజంగానే చెయ్యి ఎత్తలేకపోతున్నాడు. గిరిబాబు మావ చెన్నై నుంచి వీడియో కాల్ చేసి అమ్మోరిని చూపించమన్నాడు. పెద్దలు ఫోన్ చుట్టూ చేరి మావని తిట్టారు.

నిన్న సాయంత్రం నువ్వు ఫోన్ చేశావు. కాలేజీకి వెళ్లి అడిగానని, 25 దాటిపోయింది, ఇంకేం చేయలేం అన్నారని చెప్పావు. తర్వాత నువ్వు ఏడుస్తావనుకున్నాను. ఏడవలేదు. "పోన్లేరా, నీకు రాకపోతే నువ్వేటి సేత్తావు? నీ తప్పేటున్నాది?" అన్నావు. షాపులో కొత్త చీరలు వచ్చాయని, మడతపెట్టి పెట్టి వేళ్లు నొప్పిగా ఉన్నాయని చెప్పావు. నేను ఊఁ అన్నాను.

నువ్వు మొదటి ఏడాది చదివినప్పుడు సెలవుకి వచ్చి మన వీధిలో అందరికీ బీపీ చూశావు. జగ్గమ్మ అవ్వ రోజూ పొద్దున్నే వచ్చి చెయ్యి చాపి కూర్చునేది. ఇవాళ కూడా మన అరుగు మీదకి వచ్చి "పాప ఎప్పుడొస్తాదిరా, నా సెయ్యి సూడాలి" అంది. అమ్మ లోపలికి వెళ్లి అవ్వకి టీ పెట్టింది. క్యాలెండర్‌లో 25 మీద బొట్టు అలాగే ఉంది. నేను తుడవబోతే అమ్మ వద్దంది.

వేళకి తిను. వేళ్లకి కొబ్బరినూనె వేడిచేసి రాసుకో.

నీ తమ్ముడు
గోపి

తా.క.

అక్కా, ఇది పైన రాయలేకపోయాను. రెండుసార్లు టైప్ చేసి తీసేశాను.

నాకు ఫోన్ వచ్చింది. చాటింపు రోజే. మధ్యాహ్నం అరుగు చివర, ఒక్క గీత సిగ్నల్ వచ్చే చోట, అన్నం తింటున్నాను, అమ్మ ఎదురుగా కూర్చుని విసురుతోంది. ఒక ఆవిడ, గోపియేనా మాట్లాడేది, మీరు సెలక్ట్ అయ్యారు, సాయంత్రం ఆరు లోపు బ్యాగుతో రండి అన్నారు. నేను అమ్మని చూశాను. అమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. నాన్న ఆ రోజు బయల్దేరినప్పుడు కూడా అమ్మ అక్కడే కూర్చుంది. ఎవర్రా అంది. చాటింపు విన్నాను, వారం ఆగండి మేడమ్ అని అడగాలని నాకు తోచలేదు. ఆవిడ మళ్లీ, గోపియేనా అన్నారు. కాదండీ, రాంగ్ నంబర్ అన్నాను. పెట్టేశాను. అమ్మకీ అదే చెప్పాను. అమ్మ మళ్లీ విసరడం మొదలుపెట్టింది, ఇంకాస్త తినమంది. తిన్నాను.

ఆ నంబర్ కాగితం పోలేదు. నా చొక్కా జేబులోనే ఉంది. పండగ మర్నాడు బోరు గది దగ్గర నుంచి చేశాను. ఆ ఉద్యోగం వేరేవాళ్లకి ఇచ్చేశామన్నారు.

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక అమ్మని అడిగాను. చాటింపు అయ్యాక నాకు ఫోన్ వచ్చి ఉంటే పంపేదానివా అని. అమ్మ గిన్నెలు తోముతోంది. తల ఎత్తకుండానే చెప్పింది. "పంపీదాన్ని. ఎందుకు పంపను? అమ్మోరి కాళ్లు పట్టుకుని నాను తొంగుందును, ఆ ఎనిమిది రోజులూ గుడికాడే. పాప సదువు కంటేనా?"

నేను అడగలేదక్కా. ఒక్క మాట అడిగితే సరిపోయేది.

అమ్మకి ఇంకా తెలీదు. నీకే మొదట చెప్తున్నాను. ఇది చదివాక నువ్వు ఫోన్ చేస్తావు. చెయ్యి. ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. ఊఁ అనను. ఎత్తగానే నేనే అక్కా, గోపిని, అని చెప్తాను.