టైరు చెప్పులు

అమ్మా, ముసోమా నుంచి రాస్తున్నాను. నాతో వచ్చిన సౌదాకు జ్వరం తగ్గింది, ఇద్దరం కులాసా, బెంగ పెట్టుకోకు.

అడవి జీపుకి డబ్బు చాలక, సెరెంగెటి మధ్యగా పోయే మామూలు బస్సెక్కి కిటికీలోంచే ఏనుగుల్ని చూశాం. అడవి గేటు దగ్గర గుడారం వేసుకుని, మనింట్లోలాగే చెప్పులు బయట విడిచి పడుకున్నాను. తెల్లారి చూస్తే, "ఇవి అరిగేదాకా తిరుగు, అరగ్గానే ఇంటికి రా" అంటూ నువ్వు కుట్టించిన తోలు చెప్పుల్లో ఒకటే మిగిలింది. కాపలా కాసే మర్వా మామ పగలబడి నవ్వాడు.

"టాంగా వైపు పిల్లవా? గుడారానికి కూడా గుమ్మం ఉందనుకుని చెప్పులు విడిచేది మీ సముద్రంవాళ్లేనే! తోలు వాసన తగిలితే దుమ్ములగొండి ఊరుకుంటుందా?"

తమ్ముడు ఖమీస్ బడికి వెళ్తున్నాడా, పడవల చుట్టూ తిరుగుతున్నాడా? పిల్లి ఈనిందా? నేను చుట్టుకునే నీలం కంగా గుడ్డ ఎవరికీ ఇవ్వకు. నాన్నమ్మకు నా షికమూ, దణ్ణం పెట్టానని చెప్పు.

"నాలుగు రోజులు ఒకచోట కూర్చోలేవటే?" అని సౌదా తిడుతోంది. ఏం చెయ్యను, ఏ అడవికి వెళ్లినా రెండో రోజుకే తర్వాతి బస్సు ఎప్పుడని అడుగుతున్నాను. రేపు కంపాలా బస్సెక్కుతున్నాం.

సంతలో టైరు చెప్పులు కొనుక్కున్నాను. ఇవి ఎంత తిరిగినా అరగవట అమ్మా. కంపాలా పోస్టాఫీసుకు కార్డు రాయి. రమ్మని నువ్వే రాయి.

నీ రుకియా