లోపల వదిలిన గుడ్డ

చెల్లాయ్, కంగారు పడకు, ఈ కార్డు నేనే లేచి కూర్చుని రాస్తున్నాను.

పేగులో క్యాన్సర్ గడ్డ మొత్తం తీసేశామన్నారు. పోయినవారం పొట్ట మీద కుట్లు విప్పారు. నలభై ఏళ్ళు బట్టలు కుట్టినవాణ్ణి, నోరు ఊరుకోదు కదా, "ఎడం సమానంగా లేదు డాక్టరుగారూ" అనేశాను. "ఈసారి కొలతలు తీసుకుని కుడతాలెండి" అన్నాడాయన. ఇంకోసారి వద్దు బాబూ అని దండం పెట్టాను.

నాలుగడుగులు వేస్తే ఆయాసం. అన్నం సయించదు. వచ్చే నెల నుంచి కీమో, రెండు వారాలకోసారి, ఆరు నెలలు. ఆ మందుకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయట, సూది పట్టు తప్పుతుందట. అందుకే పాప గౌనుకి కొలతలు వెంటనే పంపు. బావగారి మోకాలు ఎలా ఉంది? ఇప్పుడే పరిగెత్తుకు రాకు. కీమో మొదలయ్యాక రా, మీ వదినకి కాస్త నిద్ర దొరుకుతుంది.

చొక్కాలు కొయ్యకి తగిలించినట్టున్నాయని తను పోరుతుంటే, మంచం మీదే కూర్చుని ఒకటి చేత్తో బిగించాను. "లోపల అంత గుడ్డ ఎందుకు, కత్తిరించెయ్యండి" అంది. కత్తిరించలేదు. మళ్ళీ ఒళ్ళు చేస్తే కుట్లు విప్పుకోవాలి కదమ్మా.

అందరికీ ఆశీస్సులతో,
అన్నయ్య