తప్పిన దారిలో మూడో మలుపు

మార్చి 3, శుక్రవారం

ఇలింకా పంపిన డబ్బా వచ్చింది. లోపల నొక్కితే వెలిగే ఓ నల్ల పలక, దాని మీద గియ్యడానికి ఓ తెల్ల కలం. నా కూతురు సుచావా పట్నంలో ఆఫీసు కుర్చీలో కూర్చుని ఇక్కడి నా బతుకు నడుపుతుంది. ఫోన్ చేసి, అమ్మా, నువ్వు గుడ్డు మీద రాసింది వర్వరా అమ్మమ్మకి ఎలాగూ కనబడదు, దీని మీద గియ్యి, కిటికీ తలుపంత చేసి చూపించొచ్చు అంది.

ఆ మాట నిజమే. వర్వరా పెద్దమ్మకు పదేళ్ల కిందట మసక మొదలైంది. రెండేళ్లుగా చూపులో నడిమధ్య మచ్చ. పక్కలు మాత్రం కనబడతాయి. ఎండాకాలానికి అవీ ఉంటాయో లేదో అన్నాడు డాక్టరు. ఈస్టర్ గుడ్లు రాయడం నాకు నేర్పింది ఆవిడే. 'తప్పిన దారి' అనే నమూనా వాళ్లమ్మ నుంచి ఆవిడకు, ఆవిడ నుంచి నాకు వచ్చింది. ఇంకెవరికీ రాదు. ఆవిడ రాసిన గుడ్లన్నీ ఊళ్లు పట్టిపోయాయి, ఆఖరిదాన్ని పిల్లి పగలగొట్టింది. నేను రాసేది సరైనదేనా అని చెప్పగలిగింది ఆవిడొక్కతే. చూపు ఉన్నంతలోనే చెప్పాలి.

మార్చి 4

అరచెయ్యి ఆనిస్తే అదీ గీతే. చీమ నడిచినా గీస్తుందేమో దిక్కుమాలినది.

మార్చి 6, సాయంత్రం

ఇవాళ జరిగింది ఎవరికీ చెప్పను. ఇక్కడ రాసుకుంటాను.

గుడ్డు మీద మా చేతికి పట్టిన వరస ఒకటుంది. తెల్లగా మిగలాల్సిన గీతలు ముందు వేడి మైనంతో రాసి పసుపు రంగులో ముంచుతాం. పసుపుగా మిగలాల్సిన చోట మళ్లీ మైనం, అప్పుడు ఎరుపు. చివరికి నలుపు. సెగకు పెట్టి మైనం తుడిస్తే లోపల దాక్కున్న రంగులన్నీ బయటికొస్తాయి.

పలక మీదా అదే చేశాను. తెల్ల కాగితం మీద తెల్ల గీతలు, రెండు గంటలు, కనబడకపోయినా చేతి అలవాటు మీద గీశాను. పసుపు పోశాను. ఎరుపు పోశాను. నలుపు పోశాను. ఆ తర్వాత కళ్లజోడు తుడిచే బట్ట తీసి పలక తుడిచాను.

నలుపు పక్కకు జరిగింది. కింద ఏమీ లేదు.

మైనమే లేని చోట మైనం పని ఎలా జరుగుతుందనుకున్నానో! పలకను పిండి డబ్బా వెనక పడేసి ఆవు దగ్గరికి పోయాను.

మార్చి 7

చెప్పనన్నాను గానీ చెప్పక తప్పలేదు. ఇలింకా దగ్గొచ్చేదాకా నవ్వింది. అంతా తిరగెయ్యమ్మా, నలుపు ముందు, తెలుపు చివర, రంగుకో లేయర్, తప్పొస్తే అండూ నొక్కు అంది. ముప్పై ఏళ్లుగా గుడ్లు రాసిన బుర్రను తిరగెయ్యడం అట్టు తిరగెయ్యడమనుకుంది. గుడ్డు మీద తప్పు పడితే పొయ్యిలో పోతుంది, పీడా వదులుతుంది. ఇక్కడ తప్పు ఎక్కడికో పోయి కూర్చుని, పక్క బొత్తం తగిలితే తిరిగొచ్చేస్తుంది.

చిక్కుళ్లు ఏరుతున్న పెద్దమ్మ, ఎవరితోనే పోట్లాట, గోడతోనా అంది. పలకతో అన్నాను. గోడతోనే పెట్టుకోవే, అది మంచిది, ఎదురు తిరగదు అంది.

మార్చి 8, ఉదయం

తప్పు లేయర్‌లో గీశాను. మూడు గంటల పని. రాయడానికి ఇంకేం లేదు.

మార్చి 16

దారి వచ్చింది. వచ్చి పలక అంచు దగ్గర ఆగిపోయింది. గుడ్డు చుట్టూ తిరిగి తన తోక తానే పట్టుకోవాల్సిన దారి అది. ఇలింకాను అడిగితే, పర్లేదమ్మా, చూసేవాళ్లకి అర్థమవుతుందిలే అంది. పెద్దమ్మను అడిగితే, దారి తప్పినోడికి అంచేంటే పిచ్చిమొహమా, చుట్టు కలిపెయ్ అంది. చెరిపేసి, దారిని గుండ్రంగా తిప్పి మళ్లీ మొదలుపెట్టాను. నడుము పడిపోయింది.

మార్చి 25, శనివారం

ఉపవాసాల్లో చేప తినే పండగ. భోజనాలయ్యాక పెద్దమ్మ ఒళ్లో దిండు పెట్టి దాని మీద పలక పెట్టాను. వేలు తగలగానే బొమ్మ ఎగిరిపోయింది. ఎక్కడికి పారిపోయిందే నీ గుడ్డు అంది. మూడుసార్లు వెనక్కి తెచ్చాను. చెయ్యి పెట్టొద్దే తల్లీ అని మొత్తుకున్నాను. పెద్దది చేశాను, ఇంకా పెద్దది చేశాను. కోడి గింజను చూసినట్టు తల పక్కకు తిప్పి చూసింది.

ఇది మాది కాదు అంది.

మూడో మలుపులో దారి లోపలికి తిరగాలట. నేను బయటికి తిప్పానట.

అరిచాను. సిగ్గు లేకుండా అరిచాను. పదేళ్లుగా నా గుడ్లన్నీ చేతిలోకి తీసుకుని, బాగుందే, బాగుందే అన్నావు కదా, అప్పుడేమైంది నీ నోరు అని. ఏదో తేడా కొట్టేదే, పాడైంది నా కళ్లేననుకున్నా, నీ చెయ్యి కాదనుకున్నా అంది.

చేప గిన్నెలు తీసుకుని లోపలికి పోయాను. చాలాసేపు తోమాను.

మార్చి 26

పది ఈస్టర్లు. ఎన్ని ఇళ్ల షెల్ఫుల్లో నా తప్పు దారి కూర్చుందో.

ఏప్రిల్ 11, మంగళవారం

పద్నాలుగోసారి. గీసిన ప్రతిసారీ ఇంకాస్త పెద్దది చెయ్యమంటోంది, అంటే చూపు ఇంకాస్త తగ్గిందన్నమాట. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు. ఇవాళ పలక నిండా ఒక్క మలుపే పట్టింది. మొదటిది చూసి ఊఁ అంది. రెండోది చూసి ఊఁ అంది. మూడో దాని దగ్గర ఆగింది. ఇదేనే, మా అమ్మ ఇలాగే తిప్పేది అంది.

వెంటనే మైనం కాచి, అసలు గుడ్డు తీసుకుని రాశాను. మూడో మలుపు లోపలికి తిప్పాను.

ఏప్రిల్ 13

ఈస్టర్ ముందటి ఎర్ర గుడ్ల గురువారం. ఇంక ఆ గుడ్డు తీసేసి నీ మొహం పెట్టవే అంది పెద్దమ్మ. నాకేసి చూస్తే రెండేళ్లుగా మచ్చే కనబడుతోందట. ఫోటో తీసి పెట్టాను. పెద్దది చెయ్యి అంది. ఇంకా అంది. నొసలు చూసింది, ముక్కు చూసింది, మూతి దగ్గర చాలాసేపు ఉండిపోయింది. ముసలిదానివైపోయావే గ్లికేరియా, నాకు చెప్పనేలేదు అంది.