నేను తిప్పిన చక్రం

బావగారూ,

మీ మొహం చూసి చెప్పలేక రాస్తున్నాను. నర్సమ్మ మీద మీరిచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకోండి. సెలైన్ నెమ్మది చేసింది ఆవిడ కాదు, నేను.

మొదటి కీమో ఎక్కాక అక్క మెడలో గడ్డ కరిగిపోతోందని మనమంతా సంబరపడ్డాం కదా. ఆ మధ్యాహ్నం అక్క, "బాత్రూముకి తిరగలేక చస్తున్నానే, కాసేపు పడుకోనీ" అంది. జాలేసి ట్యూబు మీది చక్రం తిప్పేశాను. అక్క లేచి కాళ్లు తిమ్మిరంటే ఒత్తుతూ కూర్చున్నాను. ఒంటికి వెళ్లలేదన్నా ఎవరికీ చెప్పలేదు.

కరిగిన గడ్డలోని చెత్తంతా రక్తంలోకే వస్తుందనీ, సెలైన్ ధారాళంగా ఎక్కితేనే కిడ్నీలు దాన్ని బయటికి తోస్తాయనీ నర్సమ్మ ముందే చెప్పింది. నేను తలూపాను కూడా. చివరికి రక్తపరీక్ష చూసి, డాక్టర్ని పరుగున పిలిచి, డయాలసిస్ పెట్టించిందీ ఆవిడే.

అక్కకి గండం గడిచింది. "బావకి చెప్పకే" అంటోంది. కానీ మీరు అరుస్తుంటే ఆవిడ తల దించుకుంది. నేను పక్కనే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

ఇవాళ ఆవిడే వచ్చి, "మీ బావగారు భయంతో అన్నారులే. నువ్వేమైనా తిన్నావా?" అని అడిగింది.

మీ మరదలు